కాలి అంటే రేపా, నిన్నా?

ఒడిశాలోని కొరాపుట్‌లో మేముండేది పాత పెంకుటిల్లు. ఒకే కప్పు కింద రెండు వాటాలు. ఇటు నేను అద్దెకి, అటు ఇంటివాళ్లు. మధ్య గోడ తొమ్మిదడుగులు లేచి అక్కడితో ఆగిపోయింది, పైన దూలం దాకా ఖాళీయే. అందుచేత వాళ్లు పోపు వేస్తే నాకు తుమ్ములు, వాళ్లు పోట్లాడుకుంటే నాకు కాలక్షేపం.

ఆవిడది సాలూరు. ఘాట్ రోడ్డెక్కి కాపురానికొచ్చి నలభై ఏళ్లయినా ఇక్కడి చలితో రాజీ పడలేదు. ఆయన పుట్టింది ఇక్కడే. చలి తన పిత్రార్జితమైనట్టు మాట్లాడతారు.

కార్తీక పౌర్ణమి వెళ్లి రెండు రోజులైంది. పొద్దున్న ఆరింటికి మొదలైంది.

ఆవిడ: ఏవండీ, సీసా తిరగేసినా కొబ్బరినూనె చుక్క రాలట్లేదు.

ఆయన: అయితే గదిలో 24 డిగ్రీల కిందకి దిగిపోయినట్టే. కొబ్బరినూనె గడ్డకట్టేది ఆ దగ్గరే.

ఆవిడ: నేనడిగింది తలకి నూనె. వాతావరణ వార్తలు కాదు.

ఆయన: ఇదీ ఒక చలేనా? మా చిన్నప్పుడు పొట్టంగి వైపు గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుండేది.

ఆవిడ: ఇప్పుడు నా దుప్పటి మీద అలాగే ఉంది. కోతులు తిరిగి పెంకులన్నీ జరిపేశాయి. పడుకుంటే చుక్కలు కనిపిస్తున్నాయి. పెంకు సర్దించమని ఆషాఢంలో చెప్పానా లేదా?

ఆయన: ఆషాఢంలో వాన.

ఆవిడ: వాన కాబట్టే చెప్పాను.

ఆయన: తడి పెంకు మీద పాకుడుంటుంది. మనిషి జారిపడితే ఎవరిది పూచీ?

ఆవిడ: జ్యేష్ఠంలో చెప్పాను.

ఆయన: జ్యేష్ఠంలో పెంకు మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది.

ఆవిడ: మరి ఏ నెల పుట్టించాలి మీ పెంకుల కోసం? ఎల్లుండి లక్ష్మివారం. మార్గశిరం మొదటి లక్ష్మివారం. ఇల్లు దులిపి, సున్నం కొట్టి, ముగ్గు పెట్టాలి.

ఆయన: మార్గశిరం ఇంకా ఎక్కడొచ్చిందే? మన పంచాంగంలో అమావాస్య దాటితే కదా! ఇంకా పదమూడు రోజులుంది.

ఆవిడ: వీధిలో అందరూ ముగ్గుకి అప్పుడే బియ్యం నానబెట్టేశారు. వాళ్లకి పౌర్ణమి దాటితే మార్గశిరమే.

(ఇది నిజం. ఒడియావాళ్లకి నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. సరిహద్దులో కాపురం చేసే మగవాడికి ఈ పదిహేను రోజులు దేవుడిచ్చిన వాయిదా.)

ఆయన: అది వాళ్ల పంచాంగం.

ఆవిడ: దసరాకి ముందు గోడ కట్టించమంటే ఒడియా పంచాంగంలో ముహూర్తం లేదన్నారు. ఇప్పుడు తెలుగు పంచాంగం గుర్తొచ్చిందా? మాణబసా రోజు, అదే ఈ లక్ష్మివారం పూజ రోజు, లక్ష్మీదేవి ఇల్లిల్లూ చూసుకుంటూ తిరుగుతుందట. మనింట్లోకి గుమ్మంలోంచి రానక్కర్లేదు, కప్పులోంచే దిగొచ్చు.

ఆయన: మిస్త్రీకి రాత్రి ఫోన్ చేశానే.

ఆవిడ: ఏమన్నాడు?

ఆయన: ఒడియాలో కాలి అన్నాడు.

ఆవిడ: తర్వాత?

ఆయన: తర్వాత గరగరమంది. కట్టయిపోయింది. రేపొస్తానన్నాడు, అంటే ఇవాళ. వచ్చేస్తాడు.

ఆవిడ: కాలి అంటే నిన్న కూడానండీ! ఆసిబి అన్నాడా, ఆసిథిలి అన్నాడా? వస్తానన్నాడా, వచ్చి వెళ్లానన్నాడా?

ఆయన: క్రియ దాకా సిగ్నల్ లేదు.

ఆవిడ: పుట్టి పెరిగిన ఊళ్లో ఒక్క క్రియ పట్టుకోలేకపోయారు. నేను సంతలో కూరగాయల బేరమాడి నేర్చుకున్నదాన్ని, నాకు తెలుసు ఆ తేడా.

కాసేపు గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. తర్వాత గోడ మీదుగా అగరొత్తి వాసన వచ్చింది.

ఆవిడ: దేవుడి గది ఇటుంటే మీరు కిటికీకి ధూపం వేస్తున్నారేంటి?

ఆయన: పరీక్ష. పొగ తిన్నగా లేస్తే సందు లేనట్టు. వంగితే అక్కడ గాలి ఆడుతున్నట్టు. చూడు, ఈ రెక్క దగ్గర వణుకుతోంది. చిన్న స్పాంజి పట్టీ అంటిస్తే సరి. తలుపు కింద గోనెపట్టా చుట్టి పెడితే సరి. కప్పు సంగతి మిస్త్రీ చూసుకుంటాడు.

ఆవిడ: ఆ వెంటిలేటర్లో పేపర్లు కుక్కింది ఎవరు?

ఆయన: నేనే. చలి అక్కడి నుంచే.

ఆవిడ: తీసేయండి. రాత్రంతా ఇద్దరు మనుషుల ఊపిరి, పొద్దున్న గంజి ఆవిరి, అంతా ఎక్కడికి పోతుంది? చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. సంక్రాంతికి గోడ మీద బూజు, బొంతలో ముక్క వాసన.

ఆయన: సరే, సగం తీస్తాను. ఆ కుంపటి ఇటియ్యి. గదిలో పెట్టి తలుపేస్తే...

ఆవిడ: పెడితే మీరొక్కరే పడుకోండి, నేను సాలూరు పోతాను. తలుపులు బిగించి బొగ్గులు రాజేస్తారా? ఆ విషవాయువుకి రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే మనిషి పోతాడు.

ఆయన: వసారాలో కాచుకుందాంలే.

ఆవిడ: బొగ్గులు చల్లారాకే లోపలికి.

(ఇక్కడ ఆవిడకే నా ఓటు. ఆయన కూడా ఒక్క మాటకే దిగిపోయారు, నలభై ఏళ్లలో ఇది ఎన్నోసారో.)

ఆయన: కుంపటి వద్దంటావు, గీజరు మాత్రం గంటసేపు వేసి ఉంచుతావు. 15 లీటర్ల గీజరు, 2000 వాట్లు. ఇరవై నిమిషాల్లో కాగిపోతాయి నీళ్లు.

ఆవిడ: కాగితే దానంతటదే ఆగుతుంది. అసలు పోయినేడు ప్లగ్గు ఎందుకు కరిగింది? 16 ఆంపియర్ల సాకెట్టుకి పెట్టాల్సిన దాన్ని ఫ్యాను ప్లగ్గుకి పెట్టింది ఎవరు?

ఆయన: ఎలక్ట్రీషియన్ కాలి వస్తానంటేనూ...

ఆవిడ: ఆ కాలి ఇంకా రాలేదు కదూ! సాకెట్టు మార్చేదాకా దాని జోలికి వెళ్లకండి, కట్టెల పొయ్యి మీదే కాచుకుందాం.

ఆయన: దూది మాత్రం నేనే ఏకించి తెచ్చాను. నిన్న జయపురం వెళ్లి, మిషన్ దగ్గర రెండు గంటలు నిలబడి. చూడు ఎంత పొంగిందో! వెచ్చదనం దూదిది కాదే, దూదిలో చిక్కుకున్న గాలిది. అణిగిన దూదిలో గాలి నిలవదు, అందుకే పాత పరుపు చలి.

ఆవిడ: ఇంట్లో గాలి చేసినంత పని మీరూ చేస్తే బాగుండును.

ఆయన: ఇదిగో, ఇటు చూడు! పొగ ఈ గోడ మీదుగా అవతలికి పోతోంది.

ఆవిడ: అంటే?

ఆయన: మన గదిలో వేడెక్కిన గాలి పైకి లేచి ఆ అబ్బాయి వాటాలోకి పోతోందన్నమాట.

ఆవిడ: అందుకా వాడు చలిలో కూడా బనీనుతో తిరుగుతాడు! మన కట్టెలు, మన వేడి. అద్దె పెంచండి.

ఇది వినగానే నేను స్వెట్టరు వేసుకున్నాను. కానీ ఆలస్యమైంది.

ఆవిడ: బాబూ! లేచావా? ఒక్కసారి ఇలా రా. నీకు ఒడియా బాగా వచ్చు కదా, కాలి అంటే రేపా, నిన్నా?

నేను: రెండూనండి. వెనకున్న మాటని బట్టి.

ఆయన: చూశావా, నేను చెప్పలే?

ఆవిడ: మీరేం చెప్పారు? చెప్పింది నేను!

ఇక దాచడం బాగుండదనిపించింది. నిన్న పదకొండింటికి ఒకాయన నిచ్చెన భుజానేసుకుని వచ్చాడు. తాళం చూసి అరుగు మీద అరగంట కూర్చున్నాడు. నేనే టీ ఇచ్చాను. పెంకులు చూసి తల ఊపి, ఫోన్లో మాట్లాడతానని వెళ్లిపోయాడు. వీళ్లు జయపురం నుంచి వచ్చేసరికి నేను పడుకున్నాను.

ఆవిడ: నిన్నే కాలి! నేను అన్నానా? వచ్చి వెళ్లాడు. జయపురం ఇవాళ పోదాం అంటే వినలేదు.

ఆయన: నిన్నే పోదామని బొంతలు మూట కట్టింది ఎవరు?

ఆవిడ: మూట కట్టాను గానీ, ఇద్దరం వెళ్లాలన్నానా? మోయలేనన్నది మీరు!

ఆయన: నువ్వు ఇంట్లో ఉంటే మిల్లువాడితో బేరం ఎవరాడతారు?

ఆవిడ: ముందు ఆ ఫోన్ తీయండి. స్పీకర్లో పెట్టండి. వసారా చివరికి రండి, అక్కడ రెండు గీతలుంటాయి.

ముగ్గురం వసారా చివర నిలబడ్డాం. అగరొత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఫోన్ మోగింది. అవతల మిస్త్రీ ఎక్కడో ఎత్తు మీద ఉన్నట్టున్నాడు, ఈదురుగాలి. ఆయన గట్టిగా అడిగారు, ఎప్పుడొస్తావని.

"ఆజ్ఞా (అంటే చిత్తమండీ)... కాలి..."

గరగర.

ఆవిడ: బాబూ, తర్వాతి మాట విన్నావా?