పుట్టగొడుగులు వాళ్లు తిన్నారు, తల మనకు తిరిగింది

బెన్ వీట్లీ తీసిన 'ఎ ఫీల్డ్ ఇన్ ఇంగ్లండ్' సినిమా మీద ప్రేక్షకుల మధ్య సాగుతున్న వాగ్యుద్ధం చూస్తే, అందులో చూపించిన 17వ శతాబ్దపు ఇంగ్లిష్ అంతర్యుద్ధమే నయమనిపిస్తుంది. అక్కడ కనీసం ఎవరు ఎటువైపో తెలిసేది.

2013 జులై 5న ఈ బ్లాక్ అండ్ వైట్ చిత్రాన్ని బ్రిటన్‌లో థియేటర్లు, టీవీ, డీవీడీ, వీడియో ఆన్ డిమాండ్ అన్నిట్లోనూ ఒకేరోజు వదిలారు. గొప్ప ప్రయోగమన్నారు. ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే, తప్పించుకునే దారులన్నీ మూసేశారన్నమాట.

యుద్ధ చిత్రమని కూర్చున్నవారి మీద నాకు జాలి ఉంది. పాపం, ఫిరంగులు, గుర్రాలు ఊహించుకున్నారు. దర్శకుడు యుద్ధాన్ని పొదకు అవతలే ఉంచి, పొగనూ కేకలనూ ఇవతలికి పంపాడు. సుమారు 3 లక్షల పౌండ్ల బడ్జెట్‌కు అంతకుమించి సైన్యం రాదు. కథలో యుద్ధం నుంచి పారిపోయినవాళ్లను సారా దుకాణం ఉందని ఆశపెట్టి తీసుకెళ్తారు. దుకాణం ఉండదు. పోస్టర్ చూసి వచ్చినవారికీ అదే గతి పట్టింది కాబట్టి, పాత్రలతో మమేకం కాలేకపోయామన్న ఫిర్యాదును కొట్టివేస్తున్నాం.

ఇక గుడారం సంగతి. పారిపోయినవాళ్లలో ఒకడైన వైట్‌హెడ్‌ను లోపలికి తీసుకెళ్తారు. కేకలు వినిపిస్తాయి. కాసేపటికి ఒంటికి తాడుతో, ముఖమంతా నవ్వుతో, స్లో మోషన్‌లో బయటికొస్తాడు. లోపలేం జరిగిందో చూపించరు. ఆ నవ్వులో ఒకాయనకు నరకం కనిపించింది, ఇంకొకాయనకు రసవాదం, మూడో ఆయనకు ఇంగ్లండ్ చరిత్ర మొత్తం. మన తెలుగు హీరో కారణం లేకుండా నవ్వితే లాజిక్ ఏదని నిలదీసేది కూడా ఈ ముగ్గురే.

"రెండోసారి చూస్తే అర్థమవుతుంది" అనే వర్గం మరీ ప్రమాదకరం. ఏమర్థమైందని అడిగితే, అది చెప్పేది కాదు, అనుభవించాల్సిందేనంటారు. పోనీలే అని ఊరుకుంటే, మన స్థాయి మీద జాలిపడతారు. పాత్రలు మత్తు పుట్టగొడుగులు తిన్నాయి కాబట్టి సినిమా కూడా మత్తులోనే తీశారన్న అభియోగం మాత్రం అన్యాయం. షూటింగ్ 12 రోజుల్లో ముగిసింది. మత్తులో ఉన్న యూనిట్ ఎప్పుడైనా షెడ్యూల్ ప్రకారం పని ముగించిందా, ఏ నిర్మాతనైనా అడగండి.

మిణుకుమిణుకుమనే వెలుగులుంటాయి, జాగ్రత్త అని సినిమా మొదట్లోనే హెచ్చరిస్తారు. "అర్థం కాలేదన్న పక్క సీటువారిని అవమానించరాదు" అని కూడా ఒక ముక్క వేస్తే సెన్సార్ వారి సొమ్మేం పోయింది?

మధ్యలో నిద్రపోయిన వర్గం కూడా ఒకటుంది. లేచి చూసేసరికి మనుషులు అదే పొలంలో ఉన్నారు, చచ్చినవాడు మళ్లీ లేచి తిరుగుతున్నాడు. కథ మిస్సయ్యామన్న ఫిర్యాదు మాత్రం వీళ్ల నుంచి ఇంతవరకు అందలేదు.