భాయ్ అంగడిలో మౌనవ్రతం పట్టిన వాల్వు ఆంప్లిఫయర్ గారికి

మహారాజశ్రీ వాల్వు బాస్ ఆంప్లిఫయర్ గారి సముఖమునకు, అనంతపురం నుంచి తమ మోతగాడు రాసుకునే మనవి.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. శనివారం మధ్యాహ్నం భాయ్ అంగడిలో తమరు కనబరచిన సత్ప్రవర్తన అలాంటిది. మే నెల ఎండ, సగం దించిన షట్టరు, పైన రేకులు. తమరినీ, తమరి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌నూ, తమరి స్పీకర్ పెట్టెనూ ఆటోలో వేసుకొని వచ్చాను. స్పీకర్ తగిలించకుండా వాయిస్తే తమరు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాల్చుకుంటారు కాబట్టి పెట్టె కూడా తప్పదు. బల్ల మీద కూర్చోబెట్టి, వాల్వులు, అంటే తమరి లోపలి గాజు గొట్టాలు, వేడెక్కేదాకా ఆగి, స్టాండ్‌బై స్విచ్ వేశాం. తమరు కిక్కురుమనలేదు. బాసు గిటారు మీటితే మీటినంత పలికారు, ఆపితే ఆగిపోయారు. అత్తగారింట్లో కొత్తల్లుడిలా అంత బుద్ధిగా కూర్చున్నారు.

“గుయ్ అంటాండాది అన్నావు కదప్పా, యాడ?” అన్నాడు భాయ్.

అప్పుడు నేను, నలభై దాటిన మనిషిని, నోటితో “గుయ్‌య్‌య్” అని అనుకరించి చూపించాల్సి వచ్చింది. పక్క టీ అంగడి పిల్లోడు గ్లాసులు కడగడం ఆపి మరీ నవ్వాడు.

భాయ్‌ని అనడానికి లేదు. చెయ్యని పరీక్ష లేదు. ముందు సీరీస్ బల్బు పెట్టాడు, అంటే కరెంటు ఆ బల్బు గుండానే తమరిదాకా వచ్చేలా. నూరు వాట్ల బల్బు భగ్గున వెలిగి మెల్లగా మసకబారింది, అంటే లోపల ఎక్కడా షార్ట్ లేదని లెక్క. తర్వాత ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకొని కుడిచేత్తో మాత్రమే లోపల కెలికాడు. నాలుగు వందల పైచిలుకు వోల్టులు ఉన్నచోట రెండో చెయ్యి కూడా పెడితే కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుందట. మర్ఫీ, బుష్ రేడియోల కాలం నుంచీ ఉన్న అలవాటు ఆయనది. ఆఖర్న కాలిపోయిన అగరుబత్తి పుల్ల తీసుకొని వాల్వులన్నిటినీ ఒక్కొక్కటే మెల్లగా తట్టాడు, ఏదైనా టింగుమంటుందేమోనని. ఏదీ అనలేదు. చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. స్పీకర్ బట్టకు చెంప ఆనించి విన్నాడు. “బంగారం మాదిరి ఉండాదప్పా, తీస్కపో” అన్నాడు. బిల్లు మాత్రం తీసుకున్నాడు.

తమరి నుదుటి మీదున్న పేరు ఇక్కడ రాయను. తమరికి పరువుంది, నాకు లాయరు లేడు. 1970ల మొదట్లో అమెరికాలో పుట్టారనీ, 6ఎల్6 వాల్వులు రెండు ఉన్నాయనీ, 120 వోల్టుల వంశమనీ (అందుకే ఆ స్టెప్‌డౌన్) చెప్పి ఊరుకుంటాను. బెంగళూరులో తమరిని నాకు అంటగట్టిన పెద్దమనిషి “పూలల్లో పెట్టి చూసుకున్నాను” అన్నాడు. ఇంటికి తెచ్చి వెనక పలక విప్పితే ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది.

బరువు సంగతి ఎత్తను. ఎత్తలేను కూడా.

తమరిని కొనే ముందు పోల్చని ఆంప్ లేదు. అమెరికాలో ఫెండర్ కంపెనీ వాళ్లు 1952లో బాస్‌మ్యాన్ తెచ్చింది పేరుకు తగ్గట్టు బాసు వాయించేవాళ్ల కోసమే. పదంగుళాల స్పీకర్లు నాలుగు పెట్టి దాన్ని ఒక దారికి తెచ్చేసరికి గిటారోళ్లు ఎత్తుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ అంగడి వాళ్లు 1960ల మొదట్లో అదే సర్క్యూట్ చూసి జేటీఎం45 కట్టారు. అదీ గిటారోళ్లకే చేరింది. పేరు మాది, భోగం వాళ్లది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ ఉంది, 300 వాట్లు, 14 వాల్వులు, పదంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న పెట్టెలు. రోలింగ్ స్టోన్స్ వాళ్లు ఆ ఏడాది అమెరికా పర్యటనలో మోగించింది దాన్నే. దాన్ని సప్తగిరి సర్కిల్లో పెట్టి ఆన్ చేస్తే ఆర్టీసీ బస్టాండులో అనౌన్స్‌మెంట్లు వినపడవు. నన్నడిగితే మాత్రం వీటన్నిటిలోకీ అదే ఆంపెగ్ వాళ్ల 1960 నాటి పోర్టాఫ్లెక్స్ బి-15 గొప్పది. చిన్న గదికి సరిపడా శబ్దం, పని అయ్యాక తలను బోర్లించి పెట్టెలోనే దాచేయొచ్చు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బాసు వాయించిన జేమ్స్ జామర్‌సన్ క్లబ్బుల్లో వాడింది దాన్నే. ధర చూశాక ఫోను పక్కన పెట్టేశాను. ఆ మాటకొస్తే ఈ పోలికలన్నీ మా బాసోళ్లమందరం వినేది ఫోను స్పీకర్లోనే. బాసు లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఫోను స్పీకరేమో వందల హెర్ట్జ్ దాటితే గానీ నోరు తెరవదు. అయినా “ఇది వెచ్చగా ఉంది, అది ఆరిపోయినట్టుంది” అని రాత్రి రెండింటి దాకా తగువులాడుకుంటాం.

వాల్వు ఒకటి పోతే జత మార్చాలంటారు, దాని సంగతి కూడా వదిలేస్తాను. ఒకప్పుడు పక్కనే బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు వాల్వులు చేసేవాళ్లు. భాయ్ దగ్గర బిస్కెట్ డబ్బాలో ఇంకా ఒకటో రెండో బీఈఎల్ ఈసీసీ83లు ఉన్నాయి, దూదిలో చుట్టి. చూపిస్తాడు, అమ్మడు. ఇప్పుడైతే రష్యా నుంచో స్లొవేకియా నుంచో చైనా నుంచో రావాలి. తమరి ఒంట్లో ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లన్నీ ఎప్పుడో మార్పించాను. అడిగింది లేదనకుండా ఇచ్చాను. ఇవన్నీ లెక్క కట్టి అడగబోవడం లేదు.

నేనడిగేది ఆదివారం సంగతి.

ఆరాధన మధ్యలో పాస్టర్ గారు “ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థించుకుందాం” అన్నారు. చర్చి మొత్తం తల వంచింది. ఏడ్చే చంటిపిల్ల కూడా ఏడుపు ఆపింది. అప్పుడు మొదలుపెట్టావు. గుయ్‌య్‌య్‌య్. ముందు రోజు మధ్యాహ్నమంతా బతిమాలితే రాని గొంతు అప్పుడొచ్చింది నీకు! పాస్టర్ గారు కళ్లు తెరవకుండానే నుదురు చిట్లించారు. ముందు వరసలో పెద్దమ్మ ఒకామె నెమ్మదిగా తల తిప్పి చూసింది, నిన్ను కాదు, నన్ను.

పోనీ ఏదో అర్థం లేని రొదైనా బాగుండు. మన కరెంటు 50 హెర్ట్జ్. బాసు లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జి స్వరం 49 హెర్ట్జ్. ఒక్క హెర్ట్జ్ తేడా! నేను జి పట్టుకుంటే నీ గుయ్యికీ నా స్వరానికీ పొసగక క్షణానికోసారి “వావ్... వావ్...” అని ఊగుతుంది. కీబోర్డు అబ్బాయి వంగి “అన్నా, ట్యూనింగ్ చూస్కో” అంటాడు. ట్యూనింగ్ చూసుకోవాల్సింది నేనా, కరెంటోళ్లా? మీ దేశంలోనే ఉండి ఉంటే 60 హెర్ట్జ్ దగ్గర, బి ఫ్లాటుకూ బి కీ మధ్య ఎటూ కాకుండా గొణుక్కుంటూ ఉండేదానివి. ఎవరూ దాన్ని స్వరం అనుకోరు. ఇంత దూరం వచ్చి సరిగ్గా జి పక్కన కాపురం పెట్టావు. మా క్వయర్ పాటల్లో సగం జి లోనే అని నీకెవరు చెప్పారు?

ఇంకో ఘనకార్యం. నేను తీగల మీద చెయ్యి వేస్తే నీ గుయ్ తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. అందుకని ప్రార్థన ముగిసేదాకా కళ్లు తెరుచుకొని, నాలుగు తీగలూ గుప్పిట్లో పట్టుకొని నిలబడ్డాను. చెప్పులు బయట వదిలేసి, అప్పుడే తడిగుడ్డ పెట్టిన కడప బండల మీద, ఉత్త కాళ్లతో. అంటే నీకు ఎర్తు నేనన్నమాట! నాకు పెళ్లాం పిల్లలున్నారు. నువ్వు వచ్చినప్పుడు నీకు రెండు పిన్నులే ఉండేవి. కరెంటు తీగ నుంచి నీ ఇనుప చట్రానికి ఒక కెపాసిటర్ ఉండేది. అది షార్ట్ అయిందంటే చట్రమంతా కరెంటే. మీ దేశపు మెకానిక్కులే దానికి డెత్ క్యాప్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. భాయ్ మొట్టమొదట కోసి పారేసింది దాన్నే. మూడు పిన్నుల వైరు వేసి, ఎర్తు తీగను స్టెప్‌డౌన్ దాటించి గోడ సాకెట్ దాకా లాగాడు. ఇంత చేశాక కూడా మైకు దగ్గర మూతి పెట్టినప్పుడు పెదవి మీద చురుక్కుమంటే ఎవరికి చెప్పుకోను?

భాయ్‌కే చెప్పుకున్నాను. పాపం, ఆదివారం మధ్యాహ్నం భోజనం ముగించుకొని స్కూటర్ వేసుకొని చర్చికే వచ్చాడు. నీ వంక చూడను కూడా చూడలేదు. హోల్డరులో బల్బు పెట్టి, రెండు తీగలు తీసుకొని సాకెట్లోకి దూర్చాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ పెడితే కళ్లు చెదిరేలా వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ పెడితే లోపల తీగ మాత్రం ఎర్రగా, ఉందా లేదా అన్నట్టు కనబడింది.

“ఎర్తు గుంత యాడుండాది?” అన్నాడు.

వాచ్‌మన్ తాత వెనక వేపచెట్టు దగ్గరకు తీసుకెళ్లాడు. సిమెంటు మూత లేపితే పైపు మీద గరాటు, గరాటు నిండా ఎండిన వేపాకు, చుట్టూ నెర్రెలిచ్చిన మన్ను. ఎనిమిదడుగుల పైపు, ఉప్పు, బొగ్గు అన్నీ పద్ధతిగానే వేసి, మూత పెట్టి, బిల్లు తీసుకొని పోయిన ఎలక్ట్రీషియన్ మళ్లీ ఇటు తొంగి చూసింది లేదు. “దీంట్లో నీళ్లు పోసి ఎన్నేండ్లయింది పెద్దాయనా?” అంటే తాత మొహం చూడాలి. “దీంట్లో నీళ్లు పోయాల్నా?” అన్నాడు.

భాయ్ అక్కడే గొంతు కూర్చొని వివరంగా చెప్పాడు. తడి లేని మన్ను కరెంటును సరిగా తీసుకోదు. అప్పుడు చర్చిలో ఉన్న ఫ్యాన్లూ కూలర్లూ లీక్ చేసే కాస్త కాస్త కరెంటు మన్నులోకి దిగలేక ఆ ఎర్తు తీగ పట్టుకొనే తిరుగుతుంది, తిరిగి తిరిగి నీ చట్రం ఎక్కుతుంది. మరి భాయ్ అంగడిలో? అక్కడ టీ అంగడి పిల్లోడు గ్లాసులు కడిగిన నీళ్లన్నీ పొద్దస్తమానం పోసేది ఆ ఎర్తు గుంతలోకే. ఏడాది పొడుగునా అది బురదే. నన్ను చూసి నవ్విన పిల్లోడి పుణ్యమే నీ మౌనవ్రతం.

అంటే ఇన్నాళ్లూ నీకు దాహమా?

ఏ ఊళ్లో ఉన్నావో తెలుసా నీకు? ఏడాది మొత్తం కురిస్తే 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. ఆ కురిసేది కూడా దానికి బుద్ధి పుట్టినప్పుడు. బోరు వేస్తే ముందు దుమ్ము లేస్తుంది, తర్వాత అప్పు లేస్తుంది. వేరుశనగ ఊడలు దిగే వేళకు ఒక తడి దొరక్క చేలకు చేలు ఎండిపోయిన జిల్లా ఇది. కొళాయి వచ్చే పూట ఊరు మొత్తం బిందెలు వరస పెట్టి నిలబడుతుంది. అలాంటి చోట, కరెంటు తాగి బతికే పెట్టెవి, నీళ్లడుగుతావా? వెళ్లి వెళ్లి బెంగళూరు నుంచి అనంతపురం వచ్చి? సిగ్గుండాలి!

పోశాం. ఉప్పు బస్తా విప్పి, తాతా నేనూ బిందెలు మోసి, గరాటు నిండా పోశాం. అది గటగటా తాగేసింది. మళ్లీ పోశాం. సాయంత్రం బల్బు పెట్టి చూస్తే ఎర్తు మీద కూడా తెల్లగా వెలిగింది. నిన్ను ఆన్ చేశాం. చర్చిలో మేం ముగ్గురమే. ఏమీ లేదు. లావు తీగను విడిగా ఒకసారి కొట్టాను. ఆ శబ్దం చెవులకంటే ముందు బండల్లోంచి అరికాళ్లకు వచ్చింది. ఇంకాస్త గట్టిగా కొట్టాను. ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే మోసినంత మోసి ఒక్కసారిగా పగులుతుంది. నువ్వు మాత్రం నిదానంగా గొంతు బొంగురు చేసుకుంటూ, స్వరం వదలకుండా, ఇంకా ఉంది వాయించు అన్నట్టు పలికావు. భాయ్ తల ఊపాడు. తాత “బాగుండాదే” అన్నాడు. నేనేమీ అనలేదు, కోపంలో ఉన్నాను కాబట్టి.

రాత్రి కమిటీ పెద్దలు పిలిపించారు. చర్చి ట్యాంకు నీళ్లు గుంతలో పోస్తున్నట్టు వాళ్లకు కబురు అందింది. “ఆ పాతసామాను బదులు చిన్న ట్రాన్సిస్టర్‌ది కొనరాదా? చంకన పెట్టుకొని రావచ్చు, నీళ్లు కూడా అడగదంట” అన్నారు ఒకాయన. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఇన్నాళ్లూ మా ఇంట్లో నేనన్న మాటే అది. కానీ నిన్ను నేనంటే వేరు, ఆయనెవరు అనడానికి? అరగంట వాదించాను. జామర్‌సన్ పేరు ఎత్తాను, మోటౌన్ సంగతి చెప్పాను, ఎర్తు లేకపోతే మైకు పట్టుకునే పాస్టర్ గారికే ప్రమాదమని కూడా అన్నాను. ఆఖరి మాటకు దిగొచ్చారు. వారానికి రెండు బిందెలు మంజూరయ్యాయి. మోసేది నేను.

కాబట్టి విను. వాల్వు పోతే జత తెప్పిస్తాను. సాకెట్ పిన్నులు తుప్పు పడితే గీకిస్తాను. ఆటో మాట్లాడుకుంటాను. బిందెలు మోస్తాను. మౌనప్రార్థన ఒక్క నిమిషమే ఉంటుంది. ఆ నిమిషం నోరు మూసుకో.

ఇట్లు,
నీ ఎర్తు పోస్టు నుంచి విరమించుకున్న బాసు వాయించేవాడు

తా.క.: బయటికి పోయే బాసు గొంతు విని కీబోర్డు అబ్బాయికి ఆశ పుట్టింది. వచ్చే వారం వాడి కీబోర్డు కూడా నీ రెండో ఇన్‌పుట్‌లో పెడతాడంట, కేబుల్ కూడా కొన్నాడు. వాడు ప్లగ్గు దూర్చినప్పుడు నీకు తోచినట్టు గుయ్ అనుకో. నేనడ్డం రాను.