నల్లమల దారిని మరిచిపోయారు

కుటుంబంతో కొండలు, అడవులు చూడాలంటే ఊటీ, మున్నార్ వెళ్లమని మీ వ్యాసంలో రాశారు, మంచిదే, కానీ మా కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారి గురించి ఒక్క ముక్కయినా రాయాల్సింది. ఆత్మకూరు దాటితే నల్లమలే, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు కాబట్టి తెల్లారాకే బయల్దేరండి, పెట్రోలు ఆత్మకూరులోనే కొట్టించుకోండి.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెప్తున్నా, కోతులకు ఏమీ పెట్టకండి. ఘాట్ మలుపుల్లో కారు ఆపి పిల్లల చేత అరటిపండ్లు, బిస్కెట్లు ఇప్పిస్తున్నారు, పెట్టేది ప్రేమతోనే, కానీ వాటికి అదే అలవాటై రోడ్డు మీదే కాచుకుని కూర్చుంటున్నాయి, బండ్ల కింద పడుతున్నాయి. పోయినసారి ఒక తల్లి కోతి, పొట్టకు కరుచుకున్న పిల్లతో సహా, మా బంపర్‌కు జానెడు దూరంలోంచి దూకింది. మా పాప శ్రీశైలం చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

కడప వైపు వెళ్లేవాళ్లు లంకమల అడవి కూడా చూడండి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించింది ఆ ప్రాంతంలోనే. రాత్రిపూట తిరిగేది, మీ కంట పడకపోవచ్చు, అయినా అది బతికే ముళ్లపొదల అడవి ఎలా ఉంటుందో పిల్లలకు చూపించండి.