రాత్రంతా మ్యూట్‌లో రేడియో పెడితే కొత్త సంగీతం దొరకదు

"నచ్చిన గాయకుడి పేరు పాటల యాప్‌కి చెప్పండి, కొత్త సంగీతం అదే వెతుక్కుంటూ వస్తుంది" అని ఐదు చిట్కాల మెసేజ్ ఒకటి విశాఖ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. బీచ్ రోడ్డు వాకింగ్ గ్రూపులో వస్తుంది, కాలేజీ బ్యాచ్ గ్రూపులో వస్తుంది, ఆఫీసు గ్రూపులో మళ్ళీ వస్తుంది. సంగీతం బాగా తెలిసినవాళ్ళు కూడా చదవకుండానే పంపేస్తున్నారు. ఆ ఐదూ ఇవి: మైక్ పర్మిషన్ ఇచ్చి ఉంచితే మీ కూనిరాగాలు విని యాప్ మీ అభిరుచి పట్టేస్తుంది. ఒకేసారి వంద పాటలకి లైక్ కొట్టాలి. నచ్చిన గాయకుడి రేడియో (ఆ పేరు ఇస్తే యాప్ తనే అలాంటి పాటలు వరసగా వినిపించేది) మ్యూట్‌లో పెట్టి రాత్రంతా వదిలేయాలి. అదీ విసుగొస్తే ఒక్క పాట నుంచి రేడియో మొదలుపెట్టాలి. ఇంత చేసినా యాప్ చూపించని కళాకారుడు వినదగ్గవాడు కాదు.

మైక్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. సిఫారసులు మీరు ఏం ప్లే చేశారు, ఏం దాటేశారు, ఏం దాచుకున్నారు అన్న లెక్కల మీద నడుస్తాయి. పర్మిషన్ తీసేయండి.

వంద లైకులూ అంతే. ఊరందరికీ నచ్చిన పాటకి మీరూ లైక్ కొడితే మీ గురించి యాప్‌కి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఎక్కువమంది వినని పాట ఒకటి మీకు నిజంగా నచ్చితే దాన్ని ప్లేలిస్ట్‌లో పెట్టుకోండి. ఆ ఒక్కటీ వంద హిట్ల కంటే ఎక్కువ చెబుతుంది.

అసలు గొడవ మూడోదానితో. పాట ముప్ఫై సెకన్లు దాటితే స్పాటిఫై యాప్ దాన్ని ఒక స్ట్రీముగా, అంటే ఒకసారి విన్నట్టుగా, లెక్కేస్తుంది. పాట సగటున నాలుగున్నర నిమిషాలనుకుంటే ఎనిమిది గంటల్లో వందకి పైగా పాటలు నడుస్తాయి. అన్నీ యాప్ ఎంచినవే, ఒక్కటీ మీరు దాటేసింది కాదు. పొద్దున్నకి లెక్కల్లో మిగిలేది ఏమిటి? యాప్ ఏది పెడితే అది మీరు చివరిదాకా విన్నారని. నిద్రపోతున్నవాడికి ఏది నచ్చిందో ఎవరికి తెలుస్తుంది? మర్నాడు ఆ వంద పాటల చుట్టుపక్కలవే మళ్ళీ తెచ్చిపెడుతుంది. వాటినీ మ్యూట్‌లో వదిలేస్తే వలయం ఇంకా బిగుస్తుంది. ఎవరితో కలిపి ఎవరిని వింటున్నారన్న సమాచారం పేరున్నవాళ్ళ విషయంలోనే దండిగా ఉంటుంది కాబట్టి, ఆ వలయం హిట్ల వైపే జరుగుతుంది. కొత్తవాళ్ళ కోసం మొదలుపెట్టిన పని పాతవాళ్ళ దగ్గరే తేలుతుంది.

పైగా రేడియోలో వచ్చేదంతా మీ అభిరుచిని బట్టే వస్తుందనుకోవడం కూడా పొరపాటు. స్పాటిఫైలో డిస్కవరీ మోడ్ అని ఒకటుంది. పాట హక్కులున్నవాళ్ళు రాయల్టీలో కొంత వదులుకోడానికి ఒప్పుకుంటే, రేడియోలోనూ, మీరు పెట్టింది అయిపోగానే యాప్ తనంతట తానే పాటలు కొనసాగించే ఆటోప్లేలోనూ ఆ పాట వచ్చే అవకాశం పెరుగుతుంది. మీరు రాత్రంతా వదిలేస్తున్నది సరిగ్గా అక్కడే.

డేటా లెక్క కూడా చూడండి. 96 కేబీపీఎస్ నాణ్యతలో ఎనిమిది గంటలకి దాదాపు 345 ఎంబీ, 160లో 576 ఎంబీ, 320లో 1.15 జీబీ ఖర్చవుతుంది. వినని పాటలకి!

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. "మనూరి కుర్రాడి పాట, అందరూ రాత్రంతా తిప్పండి" అని ఇదే చిట్కాకి తోక తగిలించి పంపుతున్నారు. వినేవాళ్ళు లేని స్ట్రీముల్ని కృత్రిమమైనవిగా గుర్తిస్తే స్పాటిఫై లెక్కలోంచి తీసేస్తుంది. ఒక పాటకి అలాంటివి మరీ ఎక్కువైతే దాన్ని పెట్టిన లేబుల్‌కో (రికార్డు కంపెనీకో) డిస్ట్రిబ్యూటర్‌కో (యాప్‌లకి పాటలు చేర్చేవారికో) 2024 నుంచి జరిమానా కూడా వేస్తోంది. పెద్ద గాయకుడికి ఇది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నెలకి నాలుగొందల స్ట్రీములు వచ్చే కుర్రాడికి అందులో దాదాపు అన్నీ ఇలాంటివే అయితే? సాయం చేస్తున్నామనుకుని అతని నోట్లో మట్టి కొడుతున్నారు. దయచేసి ఆపండి.

ఇప్పటికే చేసేసినవాళ్ళు స్పాటిఫై సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. పిల్లల పాటలు, నిద్రకోసం పెట్టుకునే వాన చప్పుళ్ళు లాంటి ప్లేలిస్టుల మెనూలో "టేస్ట్ ప్రొఫైల్ (మీ అభిరుచి గురించి యాప్ వేసుకునే లెక్క) నుంచి మినహాయించు" అన్నది నొక్కండి. ఇంట్లో ఇంకెవరికైనా ఫోన్ ఇచ్చేముందు ప్రైవేట్ సెషన్ ఆన్ చేయండి. యూట్యూబ్‌లో అయితే హిస్టరీలోకి వెళ్ళి ఆ రాత్రి తేదీలో ఉన్నవి మాత్రం తీసేయొచ్చు.

నాలుగో చిట్కా మాత్రం నిజం. మెసేజ్‌లో ఐదింటికి ఒకటి సరిగ్గా ఉంది, ఒప్పుకోవాలి. బాలసుబ్రహ్మణ్యం 1966 నుంచి 2020 దాకా పాడారు, ఎన్నో భాషల్లో పాడారు. ఆ పేరు ఇస్తే యాప్ ఎటు పోవాలి? ఒక్క పాట ఇస్తే కాలం, భాష, వాయిద్యాలు అన్నీ కుదించుకుంటాయి. ఆ పాట తరవాత వచ్చేవాటిలో మొదటి పదిహేను ఇరవై వినండి. నచ్చనిది వెంటనే దాటేయండి, నచ్చిన రెండు మూడింటి నుంచి మళ్ళీ కొత్త రేడియో మొదలుపెట్టండి. మెలకువగా ఉండి చేయండి, అంతే.

దానికీ ఒక హద్దుంది, మెసేజ్ రాసినవారికి తట్టనిది అదే. మన సినిమా పాటల్లో "ఆర్టిస్ట్" అన్న చోట గాయకులు, సంగీత దర్శకుడు కలిసి ఉంటారు. పాట రాసినవారు తరచుగా ఉండరు. మీకు నచ్చింది సిరివెన్నెల సాహిత్యమైతే రేడియో దాన్ని ఎలా పట్టుకుంటుంది? పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ (పాట వెనక పనిచేసినవాళ్ళ పేర్లు) చూడండి. అక్కడ లేకపోతే డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో పాత రికార్డుల అట్టల ఫొటోలుంటాయి, వాటి వెనకవైపు చదవండి. మూడు పాటల్లో ఉమ్మడిగా కనిపించే పేరు పట్టుకుని వెతకండి.

కర్ణాటక సంగీతానికి ఇంకా మంచి దారి ఉంది: గురుపరంపర. నేదునూరి కృష్ణమూర్తి గారినే తీసుకోండి, 2014లో మన విశాఖలోనే కన్నుమూశారు. ఆయన పేరుతో రేడియో పెడితే, పొద్దున్నే భక్తిగీతాలతో కలిపి వినేవాళ్ళ లెక్కలు అడ్డొచ్చి సుప్రభాతాల వైపు పోవచ్చు. గురువు వైపు వెళ్ళండి, శ్రీపాద పినాకపాణి దొరుకుతారు. పినాకపాణి శిష్యుల్లో ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ ఉన్నారు. నేదునూరి శిష్యుల వైపు దిగితే మల్లాది సోదరులు. నేదునూరి పాడిన ఒక రాగం ఎంచుకుని, అదే రాగం వీళ్ళందరి దగ్గరా వరసగా వినండి. ఒక సాయంత్రానికి సరిపడా కొత్త సంగీతం అది, పైగా ఎందుకు నచ్చిందో కూడా తెలుస్తుంది. వెతికేటప్పుడు పేరు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టండి. "నూ" అన్న ఒక్క అక్షరాన్నే ఒకరు యుతో, ఇంకొకరు రెండు ఓలతో రాస్తారు. ఒక రకంగా వెతికి లేదనుకుంటే సగం రికార్డింగులు పోగొట్టుకున్నట్టే.

ఇక ఐదోది. యాప్ చూపించకపోతే వినదగ్గది కాదట! ఈ మాట విశాఖలో ఉండి ఎలా పంపగలుగుతున్నారు? వంగపండు ప్రసాదరావు పుట్టిన ఉత్తరాంధ్ర ఇది. తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగవతం ఆడి పాడే బృందాల్లో ఎంతమందికి లేబుళ్ళు, డిస్ట్రిబ్యూటర్లు ఉంటారు? వినేవాళ్ళ లెక్కల మీద నడిచే యాప్, ఆ లెక్కలే లేనివాళ్ళని ముందుకు తేలేకపోతుంది. అది లెక్కల కొరత, పాటలో కొరత కాదు. వీటికోసం యూట్యూబ్‌లో తెలుగు లిపిలో వెతకండి. కళారూపం పేరుకి పక్కన శ్రీకాకుళం అనో విజయనగరం అనో చేర్చండి, వీలైతే మండలం పేరు కూడా. ఫలితాల్ని నిడివి ప్రకారం వడగట్టి, ఇరవై నిమిషాలు దాటినవి చూడండి. జాతరల్లో ఎవరో ఫోన్‌తో తీసిన పూర్తి ప్రదర్శనలు అక్కడ దొరుకుతాయి. చాలావాటికి కింద పాడినవారి పేరే ఉండదు. కామెంట్‌లో బృందం పేరు, ఊరు అడగండి, వాటిని వివరణలో చేర్చమని అప్‌లోడ్ చేసినవారికి చెప్పండి. ఆ పేరు అక్కడ ఎక్కితేనే తరవాత వెతికేవాళ్ళకి ఆ బృందం దొరుకుతుంది.