ఏపుగా పెరిగిన పైరులో తాలు గింజలు
గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పంటల దిగుబడి దానంతటదే పెరుగుతుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. వరి, పత్తి, వేరుశనగ లాంటివి ఆ వాయువు ఎక్కువైతే బాగా పెరిగే మాట నిజం (మొక్కజొన్న, జొన్నలకు ఆ లాభం పెద్దగా ఉండదు). కానీ వేడిని పక్కన పెట్టి లెక్క వేస్తే ఎలా? మాది యాసంగి వరి. ఒక ఏడాది నాట్లు ఆలస్యమై ఏప్రిల్ ఎండల్లో ఈనింది. పైరు పచ్చగా, ఏపుగా ఉందని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తీరా కోస్తే సగానికి సగం తాలు, అంటే లోపల బియ్యం లేని ఉత్త పొట్టు. వరి పువ్వు విచ్చుకుని ఉండేది గంట సేపే, ఆ కాస్త సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ పట్టదు. రాత్రి వేడి ఇంకో దెబ్బ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో ఏళ్ల తరబడి తీసిన లెక్కలు 2004లో వచ్చాయి: రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. పైగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన చోట పండిన బియ్యంలో ప్రొటీన్, జింక్, ఇనుము తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది. రెండు పూటలా అన్నమే తినే మా లాంటి ఇళ్లకు అది చిన్న విషయం కాదు, వ్యాసంలో దాని ఊసే లేదు.