గీకి తీస్తే సరిపోదు

దవడలో వచ్చే అమెలోబ్లాస్టోమా అనే గడ్డ క్యాన్సర్ కాదు, ఆపరేషన్‌తో పోతుందని ఒక వ్యాసంలో చదివాను. నిజమే, కానీ ఏ ఆపరేషన్ అన్నదే అసలు విషయం. మా అన్నయ్యకు కింది దవడలో, జ్ఞానదంతం దగ్గర వచ్చింది. నొప్పి లేదు, బుగ్గ కాస్త ఉబ్బింది, అంతే. మొదటిసారి గడ్డను గీకి తీసి పంపేశారు. మళ్లీ చెకప్‌కి రమ్మని ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ల తర్వాత గడ్డం గీసుకుంటుంటే అదే చోట గట్టిగా చేతికి తగిలింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఈ గడ్డ కణాలు ఎక్స్‌రేలో కనబడే అంచు దాటి ఎముకలోకి పాకి ఉంటాయి. అందుకే రెండోసారి చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా కోసేసి, కాలిలోని సన్న ఎముక ఫిబులాను రక్తనాళాలతో పాటు తెచ్చి దవడ కట్టారు. అందరికీ ఇంత పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. ఒకే తిత్తిలా ఉండే యూనిసిస్టిక్ రకంలో కొందరికి చిన్నదే సరిపోతుంది. కాబట్టి బయాప్సీలో ఏ రకమని వచ్చిందో డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టవచ్చు. అన్నయ్య ఇప్పుడు చక్కగా తింటున్నాడు, అయినా ఏటా దవడలు మొత్తం ఒకే ఫిల్ములో కనబడే ఓపీజీ ఎక్స్‌రే తీయిస్తున్నాం. పాత ఫిల్ములన్నీ ఒకే కవర్‌లో దాచాను.