ప్రింటర్ మాస్టారు

పదవీ విరమణ సభలో నాలుగు అబద్ధాలు చెప్పడం మర్యాదే, కాదనను. నాకు ఒళ్లు మండింది ఒక నిజం విని. ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో సైన్సూ కంప్యూటరూ చెప్పిన మాస్టారి గురించి మైకు పట్టుకుని ఒక పెద్దమనిషి "ఈయన లేకపోతే మన ఆఫీసులో ప్రింటర్ నడిచేదే కాదు" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు.

కంప్యూటర్ సార్ అంటే ప్రింటర్ సార్ అన్నది తిరుగులేని సిద్ధాంతం. కరెంటు గురించి చెప్పే ఓమ్ నియమానికైనా ఉష్ణోగ్రత మారకూడదని ఒక షరతుంది, దీనికి అదీ లేదు. పాఠం సగంలో ఉన్నా, పిల్లలు బ్యూరెట్లో యాసిడ్ పోస్తున్నా, తలుపు దగ్గర ఒక తల కనబడుతుంది: "సార్, ఒక్క నిమిషం."

ఆ సభ రోజే చూడండి. ఆయనకివ్వాల్సిన సన్మానపత్రం ప్రింటర్లో ఇరుక్కుంది. 'ప్రతి క్షణం విద్యార్థుల కోసమే వెచ్చించిన' అని ఉంది అందులో. ఎవర్ని పిలవాలి? ఇంకెవర్ని, ఆఖరి క్లాసు చెబుతున్న ఆయన్నే. హెడ్మాస్టర్ గారు వైరస్ అన్నారు. గుమాస్తా గారు కాదు విండోస్ అన్నారు. పీఈటీ సార్ ప్రింటర్‌ని పక్కనుంచి రెండు చరిచారు (ముగ్గురిలో ప్రయోగం చేసింది ఆయనొక్కరే, ఒప్పుకోవాలి). మాస్టారు వెనక మూత తీసి, నలిగిన కాగితాన్నీ దానికున్న స్టేప్లర్ పిన్నునూ లాగారు. అసలు కథ అప్పుడు మొదలైంది. రావట్లేదని వచ్చినవాళ్లందరూ తలో నొక్కు నొక్కి పోయారు కదా, అవన్నీ క్యూలో ఉన్నాయి. ఒకటి, రెండు, ఏడు, పదకొండు... అన్నిట్లోనూ ఆయన పేరు తప్పే! తన పేరుకు తనే దీర్ఘం పెట్టుకుని, మళ్లీ ప్రింట్ తీసి, ఫ్రేములో బిగించి, వేదికెక్కి, ఇప్పుడే చూస్తున్నట్టు ఆశ్చర్యపోతూ అందుకున్నారు.

బేసిక్‌తో కంప్యూటర్ భాషలు మొదలెట్టిన మనిషాయన. 1964లో పుట్టిన ఆ భాషలో పిల్లలు రాసే తొలి మాట కూడా ప్రింటే, కానీ దానికి ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. తర్వాత పాస్కల్, సీ, 1991 నాటి పైథాన్. సిలబస్ మారినప్పుడల్లా సెలవుల్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నారు. ట్రైనింగ్ పేరుతో జరిగిందల్లా రిజిస్టర్లో సంతకం. ఫిజిక్స్ కాస్త నయం, 1827 నాటి ఓమ్ నియమం అలాగే ఉంది. ఆ ఓమ్ గారూ జర్మనీలోని కొలోన్‌లో బడి మాస్టారే. బడి ల్యాబులోనే ప్రయోగాలు చేశాడు, సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ పతకమిచ్చింది. ప్రింటర్ లేని కాలంలో పుట్టాడు, అదృష్టవంతుడు.

వెటకారం ఇక చాలు. ఆ ఆఖరి క్లాసులో ఏం జరుగుతోందో ఒక్కరైనా అడిగారా? ఏడాదంతా నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి, తన ప్రోగ్రాంలో 'ఐ' అనే అంకెను ఒక్కొక్కటే పెంచుతూ తిరిగే లూప్ పది దాకా పోకుండా తొమ్మిదికే ఎందుకాగుతోందో తెలీక, స్క్రీన్ మీద వేలు పెట్టి లైను లైనూ చదువుకుంటోంది. చెప్పేయడం అర నిమిషం పని. ఆయన చెప్పలేదు. పక్కన నిలబడి "ఇప్పుడు ఐ విలువెంతమ్మా?" అని మాత్రం అడుగుతున్నారు. పాఠం చెప్పడమంటే అదయ్యా! నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకోవడం అంత తేలిగ్గా రాదు, ఏళ్లు పడుతుంది. సరిగ్గా అప్పుడొచ్చింది మీ తల. ఆయన తిరిగొచ్చేసరికి బెల్లు కొట్టేశారు, జవాబు పక్క కుర్రాడు చెప్పేశాడు, ఆ పిల్ల కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోయింది. సన్మానపత్రం గంట ఆలస్యమైతే ఎవరి కొంప మునిగేది? ఇన్నేళ్లలో ఇలా ఎందరు పిల్లల పీరియడ్లు తినేశారు, సిగ్గుండక్కర్లేదా?

కొత్త మాస్టార్ని ఇంకా వేయలేదు. ఈలోగా ల్యాబుకు తాళమేసి స్టోర్ రూమ్ చేస్తున్నారట. రెండో ప్రింటర్ కొన్నారు, పెట్టడానికి చోటు చాలట్లేదట.